కంప్యూటర్ చూసి డోసు తగ్గించారు, పర్వాలేదా?

ప్రశ్న: మా నాయనకు 62 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగరు. పోయిన వారం డాక్టరు గారు రిపోర్టులు కంప్యూటర్లో ఎక్కించి, స్క్రీన్ మీద ఏదో చూసి మెట్‌ఫార్మిన్ సగానికి తగ్గించారు. షుగరేమో ఇంకా ఎక్కువే ఉంది. ఇంట్లో అందరికీ టెన్షన్.
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: ముందు రిపోర్టులో క్రియాటినిన్ కింద ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె, ఎంతుందో చూడండమ్మా. అది 45 కంటే తగ్గితే సాధారణంగా మెట్‌ఫార్మిన్ తగ్గిస్తారు, 30 కంటే తగ్గితే ఆపేస్తారు, ఎందుకంటే ఆ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. స్క్రీన్ మీద వచ్చింది బహుశా ఆ హెచ్చరికే. ఓపీ కిక్కిరిసిన రోజున ఎంత మంచి డాక్టరైనా ఆ అంకె చూడకుండా పోవచ్చు, అందుకే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉండాలనే నేనంటాను. వయసు, బరువు, బీపీ, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, వాడే మందులు ఎక్కిస్తే వైద్య మార్గదర్శకాల ప్రకారం సలహా ఇస్తుంది. చీటీ రాసేది డాక్టరే.

కాకపోతే ఎక్కించని సంగతి దానికి తెలియదు. మీ నాయన శనివారం ఒక్కపొద్దుంటారనీ, పత్తి ఏరే రోజుల్లో మూడింటిదాకా సద్ది విప్పరనీ మీరే చెప్పాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగరు 70 కంటే దిగి చెమటలు, వణుకు వస్తాయి. అప్పుడు మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి.

షుగరు ఎక్కువుంది కాబట్టి, కిడ్నీకి సరిపడే ఇంకో మందు కలపాలా అని డాక్టరు గారినే అడగండి. మీ అంతట మీరు పాత డోసు మాత్రం వేయకండి.