కందిపప్పు డబ్బాలో మాత్రలు

ప్రశ్న: మా తమ్ముడికి బైపోలార్ వ్యాధి (మితిమీరిన ఉత్సాహం, తీవ్రమైన కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) ఉంది. రెండేళ్లుగా మందులు వాడుతూ ఉద్యోగం సక్రమంగా చేసుకుంటున్నాడు. అయినా చుట్టాలు వస్తే అమ్మ ఆ మాత్రలను కందిపప్పు డబ్బాలో దాచేస్తుంది. ‘ఎర్రగడ్డ కేసు’ అన్న మాట చెవిన పడినప్పటి నుంచి మందులు మానేస్తానంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక సోదరి, వరంగల్

జవాబు: డాక్టరును అడగకుండా మందులు మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ కనుక, ముందు ఆ పని జరగకుండా చూడండి. అమ్మగారు దాస్తున్నవి మాత్రలే అయినా, దాచవలసినది తననేనని మీ తమ్ముడు అర్థం చేసుకుంటాడు. షుగరు మాత్రలు అందరి ఎదుటా వేసుకోవడంలో లేని నామోషీ వీటికెందుకని ఆమెను మెల్లగా అడగండి. ఎర్రగడ్డ అనేది హైదరాబాదులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్న ప్రాంతం. ఆ పేరును తిట్టుగా మార్చుకున్నది మనమే (మన సినిమా హాస్యం కూడా ఇందులో తన వంతు పాపం మూటగట్టుకుంది). 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది, శారీరక వ్యాధులతో సమానంగా వీటికీ బీమా కల్పించాలని చెప్పింది. కాబట్టి ఎవరికి, ఎంతవరకు చెప్పాలన్నది మీ తమ్ముడే నిర్ణయించుకోవాలి. ఇంట్లో ఈ మాట ఎత్తడం కష్టమనిపిస్తే 14416 నంబరుకు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్‌కు, ఫోన్ చేయండి. తెలుగులోనే, ఉచితంగా, రాత్రివేళ కూడా మాట్లాడతారు.