టెక్ సందేహాలు: నెలవారీ కడుతున్నా ఏడాది ఒప్పందమేనా?

చిక్కడపల్లిలో మాది చిన్న డీటీపీ సెంటర్. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు చేస్తాం. పేజ్‌మేకర్ అనే పాత డిజైన్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్లతోనే బండి నడుస్తోంది. మూడు నెలల కిందట ఫొటోషాప్ నెలవారీ ప్లాన్ తీసుకున్నాను. మూఢం వచ్చి పని తగ్గింది. మానేద్దామంటే దాని కంపెనీ అడోబ్ డబ్బు కట్టమంటోంది. నెలవారీ ప్లానే కదండీ, ఎందుకు కట్టాలి?
- ఒక పాఠకుడు

మీరు కట్టేది నెలనెలా, ఒప్పుకున్నది ఏడాదికి! అడోబ్‌లో ‘యాన్యువల్, బిల్డ్ మంత్లీ’ అనే ప్లాన్ ఉంది. మీది అదే అయి ఉంటుంది. చేరిన 14 రోజుల్లోపు వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇస్తారు. అది దాటితే మిగిలిన నెలల మొత్తంలో సగం కట్టాలి. లెక్క కోసం నెలకు వెయ్యి అనుకుందాం. తొమ్మిది నెలలు మిగిలాయి కాబట్టి ఇప్పుడు మానేస్తే 4,500 పోతుంది, చేతికి ఏమీ రాదు. కొనసాగిస్తే 9,000 అవుతుంది కానీ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మూఢం పోయి ముహూర్తాలు మొదలైతే మీకు ఎలాగూ కావాలి. నన్నడిగితే ఉంచుకోండి, ఏడాది పూర్తయ్యే తేదీ మాత్రం క్యాలెండర్‌లో రాసుకోండి. లేకపోతే మళ్లీ ఏడాదికి రెన్యువల్ అయిపోతుంది. బ్యాంకులో ఆటోపే ఆపేస్తే సరిపోతుందనుకోవద్దు, ఒప్పందం అలాగే ఉంటుంది.

ఈ రుసుము సంగతి వినియోగదారులకు సరిగా చెప్పలేదంటూ 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబ్‌పై కోర్టుకు వెళ్లింది. మన దగ్గర 2023 నవంబర్‌లో వచ్చిన ‘డార్క్ ప్యాటర్న్స్’ (వినియోగదారుల్ని మభ్యపెట్టే డిజైన్లు) మార్గదర్శకాల్లో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ కూడా ఉంది. మానేసే దారి దాచినా, చుట్టూ తిప్పినా దాని కిందికే వస్తుంది. చేరేటప్పటి స్క్రీన్‌షాట్, బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

అసలు సంగతి మీ షాపులోనే ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చి ఇరవై ఏళ్లు దాటినా మీ దగ్గర ఇంకా కార్డులు కొడుతోంది. ఒకసారి కొన్నవాడు మళ్లీ రాడని కంపెనీలకు తెలిసొచ్చింది. అందుకే 2013లో అడోబ్ కొత్త వెర్షన్లను విడిగా అమ్మడం మానేసి అద్దెకు మారింది. తెలివైన వ్యాపారమే, కాదనను. కానీ అద్దె అని పెద్ద అక్షరాల్లో చెప్పాలిగా! ప్రత్యామ్నాయం కావాలంటే జింప్ అనే ఫొటో ఎడిటర్ ఉచితం, యూనికోడ్ తెలుగు సరిగ్గానే వస్తుంది. ప్రింటింగ్‌కు వాడే రంగుల పద్ధతి సీఎంవైకే కావాలంటే క్రిటా అనే సాఫ్ట్‌వేర్ నయం. రెండింటికీ అలవాటు పడటానికి కొంత టైమ్ పడుతుంది, గిరాకీ లేని ఈ రోజుల్లోనే నేర్చుకోండి.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు మార్పించాను. విండోస్ యాక్టివేషన్ పోయింది. డబ్బిచ్చి కొన్న విండోస్ ఎక్కడికి పోయింది?
- బీటెక్ విద్యార్థి, ఘట్‌కేసర్

పాత బోర్డుతోనే పోయింది. ల్యాప్‌టాప్‌తో వచ్చే ఓఈఎం లైసెన్స్ ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్ ఒకసారి నడిపి చూడండి. అయిదారు వందలకు షాపువాళ్లిచ్చే ‘ఒరిజినల్ కీ’ జోలికి వెళ్లొద్దు. అవి చాలావరకు సంస్థల కోసం ఇచ్చినవి, ఎప్పుడైనా బ్లాక్ కావచ్చు.

ఆఫీస్ రెన్యువల్ ధర ఒక్కసారిగా పెరిగింది. అందులో కలిపిన ఏఐ సహాయకుడు కోపైలట్ నాకు అక్కర్లేదు. పాత ధరకు రాదా?
- రిటైర్డ్ టీచర్, దిల్‌సుఖ్‌నగర్

టీచర్‌గారూ, 2025 జనవరిలో మైక్రోసాఫ్ట్ 365లో (మీ ఆఫీస్ ఇదే) కోపైలట్ కలిపి ధర పెంచారు. అమెరికాలో పర్సనల్ ప్లాన్ ఏడాదికి 69.99 డాలర్ల నుంచి 99.99కి చేరింది. కోపైలట్ లేకుండా ‘క్లాసిక్’ అనే ప్లాన్ కూడా పెట్టారు, పాత సభ్యులకే. చాలామందికి అది తెలియలేదు. ఆ మాట దాచారంటూ 2025 అక్టోబర్‌లో ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ కేసు వేసింది. మీ ఖాతాలో సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ నొక్కి ముందుకు వెళ్తే అక్కడ క్లాసిక్ కనిపించాలి. కనిపిస్తే దానికి మారిపోండి. లేకపోతే, మీరు చేసేది ఉత్తరాలు, లెక్కలే అయితే ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ చాలు. ముందు పాత ఫైళ్లు నాలుగైదు అందులో తెరిచి చూసుకుని, తర్వాతే రెన్యువల్ ఆపండి.