ఆ పిల్లాడు సస్పెండ్ కాలేదమ్మా

చిరంజీవి లావణ్యకి,

నీ అనువాదం నిన్న రాత్రి చదివాను. ఇంగ్లీషు బాగుంది. కానీ ఆ ఇటలీ కుర్రాడి రిపోర్ట్ కార్డులో "జుదీత్సియో సోస్పేజో" అని ఉంటే నువ్వు "సస్పెండెడ్" అని రాశావు. అది చూసిన అడ్మిషన్ల వాళ్లు వాడు స్కూల్లో ఏం గొడవ చేశాడో అనుకోరూ? అసలు సంగతి ఏమిటంటే, ఒకటి రెండు సబ్జెక్టుల్లో 6 రాలేదు. ఇటలీలో మార్కులు 10కి వేస్తారు, 6 వస్తే పాస్. రానివాళ్లకు ఫలితం వాయిదా వేసి, వేసవిలో చదివించి, మళ్లీ పరీక్ష పెడతారు. "రిజల్ట్ డిఫర్డ్" అని రాయి. "బొచ్చాతో" అని ఉంటే మాత్రం అదే తరగతి మళ్లీ చదవాలి.

తరగతుల అంకెలూ మోసం చేస్తాయి. ప్రైమరీ 5 ఏళ్లు, మిడిల్ 3, ఆపైన 5. ప్రతి దశలోనూ లెక్క ఒకటి నుంచే మొదలు. కాబట్టి "తేర్త్సా మేదియా" అంటే మూడో తరగతి కాదు, మన ఎనిమిది.

ఈ లెక్క తప్పే చోటూ ఒకటుంది. క్లాసికల్ లిచేయో అంటే లాటిన్, గ్రీకు చెప్పే హైస్కూలు. అందులో మొదటి రెండేళ్లని జిన్నాజియో నాలుగు, ఐదు అనేవారు, ఆ తర్వాత లిచేయో ఒకటి మొదలు. నా తొలి రోజుల్లో అలాంటి స్కూల్లో చదివిన ఒకామె కాగితాల్లో జిన్నాజియో ఐదు తర్వాత లిచేయో ఒకటి అని ఉంటే, ఉన్నదున్నట్టు దించేశాను. పైగా జిన్నాజియోను జిమ్నేజియం చేశాను! ఐదో తరగతి నుంచి ఒకటికి ఎందుకు దిగిందని యూనివర్సిటీ వాళ్లు ఉత్తరం రాశారు. ఆ ఐదు నిజానికి పదో తరగతి, ఒకటి పదకొండు. అప్పటినుంచి ఇటాలియన్ పేరు అలాగే ఉంచి, పక్కన ఎన్నో ఏడాదో రాస్తున్నాను.

"దిప్లోమా" దగ్గరా జాగ్రత్త. అది మన పాలిటెక్నిక్ డిప్లొమా కాదు. 13 ఏళ్ల స్కూలు చదువు ముగిశాక, మతురితా అని పిలిచే పరీక్ష పాసైతే ఇచ్చేది. ఆ పరీక్షకి 100 మార్కులు, 60 వస్తే పాస్. ఆ మార్కుల్ని ఏ, బీ గ్రేడ్లలోకి మార్చకు. లెక్క కట్టుకోవడం అడ్మిషన్ల వాళ్ల పని.

హైస్కూలు "ప్రొఫెస్సోరెస్సా" మామూలు టీచరే. ఇక "ఇంతెర్రొగత్సియోనే"కి ఇంటరాగేషన్ అన్నావు చూడూ, మీ పిన్ని పడీ పడీ నవ్వింది. పోలీసు విచారణ కాదే తల్లీ, టీచర్ లేపి పాఠం అప్పజెప్పించుకోవడం. "ఓరల్ టెస్ట్" చాలు.

దిద్ది శుక్రవారం లోపు పంపు. ఒరిజినల్ స్కాన్ కూడా పెట్టు, రెండో పేజీలో స్టాంపు కింద అక్షరాలు నాకు సరిగా కనబడలేదు.

ఆశీస్సులతో,
బాబాయి