ఆర్గోఫ్లెక్స్‌లో 120 రోల్ పట్టకపోతే

మీ పాత ఫిల్మ్ కెమెరా, ఆర్గోఫ్లెక్స్ 'E' మోడల్‌లో 120 సైజు ఫిల్మ్ రోల్ ఇరుక్కుపోతోందన్నారు. కెమెరా బాగానే ఉందండీ, కంగారు పడకండి. ఆర్గస్ కంపెనీ వాళ్లు అమెరికాలో, మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో దీన్ని 620 అనే ఇంకో రకం రోల్ కోసం చేశారు. ఫిల్మ్ వెడల్పు రెండింటికీ ఒకటే, తేడా అంతా స్పూల్‌లోనే, అంటే ఫిల్మ్ చుట్టే కండెలోనే. 620 స్పూల్ ఇరుసు సన్నం, అంచు బిళ్లలు చిన్నవి. కొడాక్ 1995లో 620 ఆపేసింది కాబట్టి 120 ఫిల్మ్‌ను 620 స్పూల్ మీదికి మనమే చుట్టుకోవాలి.

రెండు 620 ఖాళీ స్పూళ్లు సంపాదించండి. ఒకటి కెమెరాలోనే ఉండొచ్చు, చూడండి. పూర్తి చీకట్లో 120 రోల్‌ను ముందు ఇంకో ఖాళీ స్పూల్‌కి, అక్కణ్ణుంచి 620కి బిగువుగా చుట్టండి. చివర్లో, ఫిల్మ్‌ను వెనక కాగితానికి టేపుతో అంటించిన చోట ఫిల్మ్ ఉబ్బి వేలికి తగులుతుంది. దాన్ని అలాగే నొక్కేస్తే మడత పడుతుంది. టేపు మెల్లగా లేపి, ఫిల్మ్ చదును చేసి మళ్లీ అంటించండి. మొదట ఒక పాత రోల్‌తో వెలుతుర్లో అలవాటు చేసుకోండి.

ఇలా చుట్టే బదులు, కెమెరాలో పట్టేలా 120 స్పూల్ అంచులు అరగదీయమని కొందరంటారు. నేనైతే వద్దంటాను, ఆ పొడి లోపల పడుతుంది. ఫిల్మ్ కడగడానికి ల్యాబ్‌కిచ్చేటప్పుడు మాత్రం 620 స్పూల్ తిరిగి ఇవ్వమని గట్టిగా చెప్పండి.