అర్జీ తిరిగిన దారి

ప్రశ్న: మా గ్రంథాలయంలో నెలకొక పాత సినిమా చూసి చర్చించుకుంటాము. ఈసారి ప్రభుత్వ కార్యాలయాల తీరుపై వచ్చిన చిత్రం ఏదైనా సూచించగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: అకిర కురొసావా 1952లో తీసిన జపాన్ చిత్రం ‘ఇకిరు’తో మొదలుపెట్టండి. మురికిగుంటను పూడ్చి పిల్లలకు పార్కు కట్టించమని అర్జీ తెచ్చిన తల్లులను ఒక విభాగం మరొక విభాగానికి పంపుతూ, చివరికి బయలుదేరిన చోటికే తిప్పి తెచ్చే సన్నివేశం, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవారికెవరికీ పరాయిదిగా అనిపించదు. ఏళ్ళ తరబడి కాగితాల మీద ముద్రలు వేసిన విభాగాధిపతి వటనాబె, తనకు కడుపులో క్యాన్సర్ ఉందని తెలిశాక ఆ అర్జీని పట్టుకుని వదలడు.

చర్చకు అసలు సరుకు చివరి భాగంలో ఉంది. అతడి సంతాప సభలో తాగి, ఏడ్చి, ఇకపై తామూ అలాగే పనిచేస్తామని ఒట్టు వేసుకున్న సహోద్యోగులు, మళ్ళీ ఆఫీసుకు రాగానే కొత్త అర్జీని యథావిధిగా పక్క విభాగానికి తోసేస్తారు. తప్పు మనుషులదా, ఏర్పాటుదా అన్న వాదన అక్కడే రాజుకుంటుంది. నిడివి దాదాపు రెండున్నర గంటలు కనుక కాస్త ముందుగా మొదలుపెట్టండి.

నవ్వు కావాలంటే, తోమాస్ గుతియెర్రెజ్ అలెయా 1966లో తీసిన క్యూబా చిత్రం ‘ఒక బ్యూరోక్రాట్ మరణం’ చూడండి. శవంతోపాటు పాతిపెట్టిన కార్మికుడి కార్డు లేనిదే భార్యకు పింఛను రాదు. దాని కోసం శవాన్ని దొంగచాటుగా తవ్వి తీస్తే, కాగితం లేనిదే తిరిగి పూడ్చనివ్వరు!