రెండు బోన్లు, రెండు చెరువులు

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసి ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా ఉంది. తన పేరున్న పేపర్‌ని వాళ్ల గైడే జర్నల్ నుంచి వెనక్కి తీసుకున్నారు. మందు ఇచ్చిన ఎలుకలన్నీ ఒక బోనులో, ఇవ్వనివన్నీ ఇంకో బోనులో పెట్టడం తప్పట. పీహెచ్‌డీ మానేసి బీఈడీ చేయమంటున్నాం. సరైనదేనా?
– ఒక రొయ్యల రైతు, ఆకివీడు

జవాబు: బీఈడీ మంచిదేనండి. ఈ భయంతో మాత్రం చేయించకండి.

జరిగిన తప్పు మీకు తెలియనిది కాదు. కొత్త మేత ఒక చెరువులో, పాత మేత పక్క చెరువులో వేశారనుకోండి. పట్టుబడిలో మొదటిదానికి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క) బాగా వచ్చింది. అది మేత గొప్పేనా? ఆ చెరువు కాలవ గట్టున, రెండోది డ్రెయిన్ పక్కన ఉంటే? లక్ష పిల్ల వదిలినా లెక్కకు అది ఒక్క చెరువే. బోనూ అంతే.

రిట్రాక్షన్ (అచ్చైన పేపర్‌ని ఇలా వెనక్కి తీసుకోవడం) అనగానే దొంగలెక్కలని మనవాళ్లు అనేస్తారు. ప్రతిసారీ అలా కాదు. స్పెయిన్‌లో ప్రెడిమెడ్ అని 7,447 మందితో పెద్ద ట్రయల్ జరిగింది. ఆలివ్ నూనె, బాదం, వాల్‌నట్ లాంటివి తింటే గుండెజబ్బు ముప్పు తగ్గుతుందా అన్నది ప్రశ్న. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఎవరికి ఏ ఆహారమన్నది చీటీ తీసినట్టు మనిషి మనిషికీ విడిగా తేలాలి. కొన్ని ఇళ్లలో రెండో మనిషికీ మొదటివారి ఆహారమే ఇచ్చేశారు. ఒకచోట క్లినిక్ మొత్తానికి ఒకటే. (పక్కింటికి నూనె డబ్బా వచ్చి మనకు రాకపోతే మనమైనా ఊరుకుంటామా!) 2018లో రచయితలే ఆ పేపర్ వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ కట్టి, గట్టిగా అన్న మాటను కాస్త మెత్తబరిచి, అదే జర్నల్‌లో తిరిగి వేశారు.

కాబట్టి ముందు రిట్రాక్షన్ నోటీసు చదవండి. డిజైన్ లోపం, రచయితలే కోరారు అని ఉంటే టెన్షన్ అక్కర్లేదు. కాపీ దాచమనండి. పీహెచ్‌డీ దరఖాస్తులో ఆ పేపర్ రాస్తే, వెనక్కి తీసుకున్నదని పక్కనే రాయాలి. దాచి దొరికిపోతే అప్పుడు నిజంగానే మచ్చ. ఇంటర్వ్యూలో అడిగితే మీ చెరువుల పోలికే చెప్పమనండి, నాకు తెలిసి అంతకన్నా మంచి జవాబు లేదు.

తనకు తక్కువైంది స్టాటిస్టిక్స్. అందుకు మళ్లీ ఎమ్మెస్సీ చేయనక్కర్లేదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో బయోస్టాటిస్టిక్స్, ప్రయోగాల డిజైన్ పాఠాలు ఉచితంగా వినొచ్చు, పరీక్షకే ఫీజు. ఒకసారి మార్టేరు వరి పరిశోధన స్థానానికీ తీసుకెళ్లండి. స్వర్ణ రకం పుట్టిన చోటది. ఒక్కో రకాన్ని ఒకే మడిలో వేసి వదిలేయకుండా పలు మడుల్లో ఎందుకు వేస్తారో అక్కడివాళ్లను అడగమనండి.

ఈలోగా గైడ్‌ను కూడా ఒకటి అడగాలి: అదే ప్రయోగం ఈసారి ఎన్ని బోన్లతో చేస్తారు, అందులో తనకు చోటుందా అని.