దస్తావేజుల పీడీఎఫ్‌లు వెతికితే దొరకాలంటే

ప్రశ్న: జగ్గయ్యపేటలో ఒక లాయరుగారి దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఆఫీసులోని పాత దస్తావేజులన్నీ స్కాన్ చేయించి పీడీఎఫ్‌లు చేశాం. మాది సరిహద్దు ఊరు కాబట్టి కోదాడ వైపు కాగితాలు కూడా చాలానే ఉన్నాయి. అక్రోబాట్ ప్రో అనే పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌లో వెతకడానికి ఇండెక్స్ పెడదామంటే ఏయే ఫీల్డులు (వివరాల గళ్లు) ఉండాలో, వాటికి స్ట్రింగ్ (అక్షరాలు, గుర్తులు ఏవైనా), ఇంటీజర్ (పూర్ణాంకం), డేట్‌లలో ఏది ఎంచుకోవాలో తేలడం లేదు. టైపు చేసిన దస్తావేజుల్లో కూడా తెలుగు మాట వెతికితే రావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, జగ్గయ్యపేట

జవాబు: బాబూ, సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు మీ ఆఫీసుకి వచ్చే పార్టీలు ఏమని అడుగుతారో గుర్తు చేసుకోండి. ‘మా నాన్న పేరు మీద కొన్న పొలం కాగితం’ అంటారు, లేదా సర్వే నెంబరు చెబుతారు. కోర్టు పనికైతే దస్తావేజు నెంబరు కావాలి. వాళ్లు అడిగే ప్రతిదానికీ ఒక ఫీల్డు ఉండాలి. ఎవరూ అడగని వాటికి ఫీల్డు పెడితే నింపేవాళ్లకి చాకిరీ తప్ప ఉపయోగం ఉండదు. చేతిరాత దస్తావేజులకు ఓసీఆర్‌ని (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చదివే పద్ధతిని) నమ్ముకోలేం, కాబట్టి వాటిని పట్టుకోవడానికి ఈ ఫీల్డులే దిక్కు.

దస్తావేజు నెంబరు ఒక్కటే రాసి వదిలేయకండి. 1234/1998 అనే నెంబరు జగ్గయ్యపేట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనూ ఉండొచ్చు, కోదాడలోనూ ఉండొచ్చు. ఒకే ఆఫీసులో కూడా స్థిరాస్తి కాగితాలు 1వ పుస్తకంలోకి, వీలునామాలు 3వ పుస్తకంలోకి వెళతాయి. అందుకని ఎస్ఆర్‌వో (సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు), పుస్తకం, సంవత్సరం, నెంబరు నాలుగూ వేర్వేరు ఫీల్డులుగా పెట్టండి.

ఎక్కువ చిక్కులు వచ్చేది సర్వే నెంబరుతో. పేరుకి నెంబరే అయినా దాన్ని స్ట్రింగ్‌గానే పెట్టాలి. 128/2ఎ ఇంటీజర్ ఫీల్డులో పట్టదు. తెలంగాణ వైపు 123/అ, 123/ఆ అని కూడా వస్తాయి. ఇంగ్లిష్ కాగితాల్లో అదే ‘ఆ’ని ‘ఎఎ’ అని రాస్తారు, కాబట్టి రెంటిలో ఒక పద్ధతి ఖాయం చేసుకుని అందరూ దాన్నే పాటించాలి. వివరాలు ముందు ఎక్సెల్‌లో కొట్టుకుంటున్నట్లయితే ఇంకో జాగ్రత్త: 4/2 అని కొట్టగానే అది ఫిబ్రవరి 4 అయి కూర్చుంటుంది. కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చాకే కొట్టడం మొదలుపెట్టాలి. కొట్టేశాక మారిస్తే సర్వే నెంబరు తిరిగి రాదు, సంబంధం లేని ఒక పెద్ద అంకె కనిపిస్తుంది. ఒక దస్తావేజులో నాలుగు సర్వే నెంబర్లుంటే నాలుగూ రాయండి, మధ్యలో సెమీకోలన్ పెట్టండి.

విస్తీర్ణం దగ్గర మీలాంటి సరిహద్దు ఊరివాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. కోదాడ కాగితంలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. జగ్గయ్యపేట కాగితంలో అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు. తేడా ముప్పై సెంట్లు! అందుకే నేను రెండు ఫీల్డులు పెట్టిస్తాను. ఒకదాంట్లో కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా, ‘2 ఎ. 20 గుం.’ అని స్ట్రింగ్. రెండోదాంట్లో చదరపు గజాల్లోకి మార్చి ఇంటీజర్. గుంటకి 121 గజాలు, సెంటుకి 48.4 గజాలు. పై రెండూ 12,100, 10,648 అవుతాయి. ఇళ్ల స్థలాలు ఎటూ గజాల్లోనే ఉంటాయి కాబట్టి అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి.

ఊరు, జిల్లాలకూ ఇదే పద్ధతి. 1985కి ముందు మండలాలు లేవు, పాత కాగితాల్లో తాలూకాలుంటాయి. కోదాడ 2016 దాకా నల్గొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట. మీ జగ్గయ్యపేట 2022 దాకా కృష్ణా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. కాగితంలోని జిల్లా ఒక ఫీల్డు, ఇప్పటి జిల్లా ఇంకో ఫీల్డు. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది, కానీ కాగితం మీది ఫసలీని మాత్రం తీసెయ్యకండి. తేదీని కూడా నేను స్ట్రింగ్‌గానే, 1998-06-14 అన్నట్టు సంవత్సరం ముందు పెట్టి రాయిస్తాను. అలా రాస్తే వరుస చెదరదు.

పేర్లకు అమ్మినవారు, కొన్నవారు, తండ్రి లేదా భర్త పేరు అని మూడు ఫీల్డులు చాలు. ఇంటిపేరు ముందుండాలి.

ఇక అక్రోబాట్‌లో. ఫైల్ మెనూలో ప్రాపర్టీస్, అందులో కస్టమ్ ట్యాబ్. అక్కడ ఒక్కో పేరూ, దాని విలువా చేర్చండి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటే మంచిది. తర్వాత అక్రోబాట్‌లోనే ఉండే క్యాటలాగ్ అనే టూల్‌తో కొత్త ఇండెక్స్ మొదలుపెట్టి, ఆప్షన్స్‌లో కస్టమ్ ప్రాపర్టీస్ దగ్గర అవే పేర్లు, ఒక్క అక్షరం తేడా లేకుండా ఇచ్చి, స్ట్రింగో ఇంటీజరో ఎంచుకోండి. అదే ఆప్షన్స్‌లో అంకెలు ఇండెక్స్‌లోకి రాకుండా చేసే టిక్ బాక్స్ ఒకటి ఉంటుంది. ఇండెక్స్ చిన్నదవుతుందని ఎవరైనా చెప్పినా దాన్ని పెట్టకండి. టైపు దస్తావేజుల్లో ఉన్న సర్వే నెంబర్లు, దస్తావేజు నెంబర్లు అన్నీ ఇండెక్స్‌లో లేకుండా పోతాయి. కొత్త ఫైళ్లు చేర్చినప్పుడల్లా ఇండెక్స్ మళ్లీ బిల్డ్ చేయాలి.

టైపు చేసిన వాటిలో తెలుగు దొరకడం లేదన్నారు. ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. ఏమీ రాకపోతే అది ఉత్త బొమ్మ. పిచ్చి గుర్తులు వస్తే అది బహుశా స్కాన్ చేసింది కాక, అను అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టి నేరుగా పీడీఎఫ్ చేసిన కాగితం. కంటికి తెలుగే కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే పద్ధతి) తెలుగు కాదు, కంప్యూటర్ దాన్ని తెలుగుగా గుర్తించదు. కొట్టిన అసలు ఫైలు దస్తావేజు లేఖరి దగ్గర ఉంటే యూనికోడ్‌లోకి మార్పించి కొత్త పీడీఎఫ్ తీయండి. లేకపోతే పేజీలను బొమ్మలుగా మార్చి టెసరాక్ట్ లాంటి ఉచిత ఓసీఆర్‌కి తెలుగు భాష ఎంచి ఇవ్వండి. తప్పులు వస్తాయి, ఒత్తుల దగ్గర మరీను. పేర్లూ నెంబర్లూ ఎటూ ఫీల్డుల్లో ఉన్నాయి కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

ఇంకో మాట. డిజిటల్ సంతకంతో వచ్చిన ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు), నకళ్ల జోలికి వెళ్లకండి. వాటికి ప్రాపర్టీలు చేర్చి సేవ్ చేస్తే సంతకం తర్వాత ఫైలు మారిందని చూపిస్తుంది. అసలు ఫైలుని విడి ఫోల్డర్‌లో భద్రంగా ఉంచి, ప్రింట్ టు పీడీఎఫ్‌తో తీసిన కాపీకి ఫీల్డులు పెట్టుకోండి.